గొరిగిన మీసం, అతికించిన తల

పాత అనంతపురం జిల్లా లేపాక్షిలో, సగంలో ఆగిపోయిన కల్యాణ మంటపం దగ్గర గోడ మీద రెండు ఎర్రటి మరకలు చూపిస్తారు. అవి విరూపణ్ణ కళ్లట. విజయనగర రాజు అచ్యుతరాయల ఖజానా చూసే విరూపణ్ణ, రాజుకు చెప్పకుండా ఆ సొమ్ముతో గుడి కట్టించాడని నింద పడింది. కళ్లు పీకే శిక్ష ఖాయమని తెలిసి, భటులకు ఆ పని దక్కనివ్వకుండా తానే పీకేసుకుని గోడకు కొట్టాడని కథ. మేం వెళ్లినప్పుడు వెనకాల నిలబడ్డ పెద్దాయన ఒకాయన "పరువుగల మనిషప్పా" అన్నాడు. చూపు ఎలాగూ పోయింది. నలుగురి ముందు చేతులు కట్టించుకోలేదు కదా, ఆయనకు నచ్చింది అదీ.

ఆ గుడిలో దేవుడు వీరభద్రుడు, దక్షుడి తల నరికినవాడు. నరికి ఊరుకోలేదు కథ. దక్షుణ్ణి మళ్లీ బతికించి మేక తల అతికించింది. శూర్పణఖకు ముక్కుచెవులు పోయాయి. పల్లె కథల్లోనైతే గుండు, సున్నపు బొట్లు, గాడిద మీద ఊరేగింపు. ప్రాణం ఉంచి ముఖం తీసేయడమన్నమాట.

వింటూ నవ్వుతాం గానీ, పురాణం ఆ నవ్వు దగ్గర ఆగదు. ద్రౌపదిని ఎత్తుకుపోయిన సైంధవుడికి భీముడు అర్ధచంద్ర బాణంతో తల గొరిగి ఐదు పిలకలు ఉంచాడు, దాసుణ్ణని ఒప్పుకోమన్నాడు. ధర్మరాజు వదిలిపెట్టినా అతను ఇంటికి పోలేదు. తపస్సు చేసి శివుడి దగ్గర వరం తెచ్చుకున్నాడు. అభిమన్యుడి వెనక పాండవులను పద్మవ్యూహంలోకి పోనివ్వకుండా ఆపింది ఆ వరమే.

రుక్మిణి అన్న రుక్మికి తల, మీసం అడ్డదిడ్డంగా గొరిగినప్పుడు కృష్ణుణ్ణి మందలించింది సొంత అన్న బలరాముడే. చుట్టాన్ని ఇలా చేయడం చంపడంతో సమానమన్నాడు. ఆ మొహంతో సొంత ఊరు కుండినానికి పోలేక రుక్మి భోజకటంలో ఉండిపోయాడు. మీసం సంగతి తరాలు మర్చిపోని మా సీమలో ఈ ఘట్టానికి వేరే వ్యాఖ్యానం ఎందుకు?

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ చదివితే ఇవన్నీ మళ్లీ కనిపిస్తాయి. బలవంతంగా గుండు కొట్టడం, మీసం తీయించడం, చెప్పుల దండ వేయడం, పేరుపేరునా నేరాలుగా రాశారు. కాకపోతే సైంధవుడు, రుక్మి రాజులు. తపస్సుకు పోగలరు, వేరే ఊళ్లో ఉండిపోగలరు. ఈ చట్టం ఎవరి కోసం వచ్చిందో వాళ్లు మర్నాడు పొద్దున్నే బిందె పట్టుకుని అదే ఊళ్లో, అదే బోరింగు దగ్గరికి పోవాలి.