అపాత్రదానం అనే సాకు

మధ్యాహ్నం పన్నెండున్నర. హైదరాబాద్‌లో రద్దీగా ఉండే ఒక కూడలి పక్కన, ఐదు రూపాయల భోజన కేంద్రం ముందు వరుస మెల్లగా కదులుతోంది. ముందు ఇద్దరు తాపీ పనివాళ్లు. ముంజేతుల మీద సిమెంటు ఇంకా తడి ఆరలేదు. వారి వెనుక ఇస్త్రీ చొక్కా, భుజాన లాప్‌టాప్ సంచితో ఒక నడివయసు మనిషి. మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తున్నారు. తెలిసినవాళ్ల కంట పడతానేమోనన్న బెరుకు కావచ్చు. ఆయన వంతు వచ్చింది. ఐదు రూపాయల నాణెం ఇచ్చి పళ్లెం అందుకున్నారు. గరిటె పట్టుకున్న ఆమె తల ఎత్తకుండానే ఒక ప్రశ్న వేసింది: "పచ్చడి వేయమంటారా?" అంతకు మించి ఒక్క మాట లేదు. ఏం పని చేస్తారు, ఆ చొక్కా తొడుక్కుని ఇక్కడికెందుకు వచ్చారు అని ఎవరూ అడగలేదు. గోడవారగా నిలబడి గబగబా తిని, చేయి కడుక్కుని, సంచి సవరించుకుని వెళ్లిపోయారు.

నగరపాలక సంస్థ ఈ భోజనాన్ని 2014లో మొదలుపెట్టింది. అన్నం, కూర, పప్పు లేదా సాంబారు, పచ్చడి. అప్పుడు అన్నపూర్ణ అన్నారు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్ అంటున్నారు. 2025 సెప్టెంబరు చివర్లో పొద్దుటి టిఫిన్ కూడా చేర్చారు, అదీ ఐదు రూపాయలకే. ఒక్కో భోజనానికి దాదాపు 30 రూపాయలు ఖర్చవుతుంటే, తినేవారు ఇచ్చింది పోను మిగిలింది నగరపాలక సంస్థ భరిస్తోంది. పేరు మార్పు మీద పార్టీలు కొన్నాళ్లు మాటలు విసురుకున్నాయి. వరుసలో నిలుచున్నవారికి ఆ పట్టింపు ఉన్నట్టు లేదు. చవక భోజనం చాలా నగరాల్లో ఉంది. ఈ కేంద్రంలో మాకు అన్నిటికన్నా నచ్చిన గుణం వేరే ఉంది. అది ఎవరినీ నిలదీయదు. కార్డు చూపమనదు, కష్టం చెప్పుకోమనదు. ఐదు రూపాయలు ఇచ్చి కొనుక్కున్నానన్న మర్యాదను తినేవాడి దగ్గరే ఉంచుతుంది.

ఊళ్లో మిగతా చోట్ల అలా లేదు. అదే మా బాధ.

హైదరాబాద్ పిసినారి ఊరేమీ కాదు. చేతికి ఎముక లేని వాళ్లు ఇక్కడ గల్లీకొకరు ఉంటారు. మార్చి దాటిందంటే ప్రతి సందు మొగలోనూ చలివేంద్రం వెలుస్తుంది. రంజాన్ నెలలో జకాత్ సొమ్ము ఎన్ని ఇళ్ల పొయ్యిలు వెలిగిస్తుందో పాతబస్తీని అడిగితే చెబుతుంది. దబీర్‌పురా వంతెన కింద 2012 నుంచి మధ్యాహ్నం పూట ఆకలిగొన్నవారికి అన్నం పెడుతూనే ఉన్నారు. వినాయక మండపాల అన్నదానాలు, అయ్యప్ప దీక్షల నాటి భిక్షలు సరేసరి. బాలాపూర్ లడ్డూ 1994లో తొలి వేలంలో 450 రూపాయలు పలికింది. 2025లో 35 లక్షలు. ఆ డబ్బుతో ఊరికి మంచి పనులే చేస్తున్నారు, కాదనడం లేదు. ఇవ్వడానికి డబ్బూ ఉంది, మనసూ ఉంది. అయితే ఆ మనసు పండగల నాడు, పదిమంది మధ్య ఎక్కువగా తెరుచుకుంటోంది. మామూలు మంగళవారం నాడు ఒంటరిగా వచ్చి చేయి చాచిన మనిషి ఎదురైనప్పుడు మనలో దాత పక్కకు తప్పుకుని, పోలీసు ముందుకు వస్తున్నాడు.

ఆ పోలీసుకు మన భాషలో ఒక గొప్ప మాట ఆయుధంగా దొరికింది: అపాత్రదానం. పెద్దలు ఆ మాటను ఏ అర్థంలో వాడారన్న చర్చ పండితులకు వదిలేద్దాం. ఈ కాలంలో మాత్రం అది జేబులో చేయి పెట్టకుండా తప్పించుకునేందుకు మర్యాదైన దారిగా మారింది. సిగ్నల్ దగ్గర పెన్నులు అమ్మే పిల్లాడికి ఇవ్వం, వాడి వెనుక ముఠా ఉంటుందని. ఆస్పత్రి గేటు దగ్గర మందుల చీటీ చూపించే మనిషికి ఇవ్వం, ఆ చీటీ పాతదేమోనని. ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఐదు వేలు అడ్వాన్సు అడిగితే ముందు విచారణ జరుగుతుంది: ఎందుకు, మొన్న తీసుకున్నది ఏమైంది, మీ ఆయన తాగుతాడా, మళ్లీ పనిలోకి వస్తావని నమ్మకం ఏమిటి? అదే ఇంటి యజమాని ఫ్లాటు కోసం నలభై లక్షల అప్పు తీసుకున్నప్పుడు బ్యాంకు మనిషి ఇంటికే వచ్చి, ఇచ్చిన కాఫీ తాగి, చిరునవ్వుతో సంతకాలు పెట్టించుకుని వెళ్లి ఉంటాడు. అక్కడా కాగితాలు అడిగారు. కాని ఆయన వ్యక్తిత్వాన్ని ఎవరూ శంకించలేదు.

ఇంట్లో ఇది చిన్న చేదు. ప్రభుత్వానికి అంటుకుంటే లక్షల కుటుంబాల మీద పడుతుంది. తెలంగాణలో 2016 నుంచి లక్షల సంఖ్యలో రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఎవరికి కారు ఉంది, ఎవరికి స్థలం ఉంది అని రకరకాల శాఖల వివరాలను కంప్యూటర్ జల్లెడ పట్టి అనర్హులను తేల్చిందన్నారు. ముందుగా నోటీసు లేదు, సంజాయిషీ చెప్పుకునే అవకాశం లేదు. చాలామందికి ఆ సంగతి తెలిసింది రేషన్ దుకాణంలో, యంత్రం మీద వేలు పెట్టాకే. ఒకే పేరున్న మరొకరి కారు తమ ఖాతాలో పడినా, "అది నాది కాదు" అని చెప్పుకోవడానికి ఏ కిటికీ దగ్గరకు వెళ్లాలో పేదవాడికి ఎవరు చెబుతారు? చివరికి ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. పరిశీలించాక వేల కుటుంబాలు అర్హులేనని తేలింది. అప్పటికి ఆరేళ్లు.

రేషన్ కార్డు అంటే బియ్యం సంచీ ఒక్కటే అయితే ఇంత రాయనక్కరలేదు. ఈ రాష్ట్రంలో ఆరోగ్యశ్రీకి ఏళ్ల తరబడి ఆ కార్డే ఆధారం. కార్డు పోయిన ఇంట్లో మనిషికి గుండెపోటు వస్తే ఆపరేషన్ కూడా పోయినట్టే. ఒక అనర్హుడు నెలకు ఆరు కిలోల బియ్యం అదనంగా తీసుకుపోతే ఖజానాకు ఎంత నష్టమో అధికారులు పైసలతో సహా లెక్క చెప్పగలరు. ఒక అర్హుడి పేరు పొరపాటున కొట్టేస్తే ఆ ఇంట్లో ఏం జరిగిందో లెక్క కట్టే గడి మాత్రం ఏ ఫైలులోనూ ఉండదు. అనుమానానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ అనుమానించినవాడు చెల్లించడు.

రోడ్ల మీద కనిపించే పేదరికంతో మనం వ్యవహరించిన తీరు ఇంకా విచిత్రం. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడు బిచ్చగాళ్లను కనబడకుండా చేశారు. 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు, భిక్షాటనను రెండు నెలల పాటు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చి, దొరికినవారిని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. బిచ్చగాణ్ని చూపించినవారికి 500 రూపాయల బహుమతి అని జైళ్ల శాఖ ప్రకటించింది కూడా. ఆకలితో ఉన్న మనిషికి పది రూపాయలు ఇవ్వడం తప్పు, పట్టిస్తే ఐదు వందలు రాబడి! అమ్మ పెట్టదు, అడుక్కోనివ్వదు అన్న సామెత ఇంతకన్నా బాగా ఎక్కడ అతుకుతుంది? ఆశ్రమాల్లో కొందరికి వైద్యం అందింది, తప్పిపోయిన కొందరు ఇళ్లకు చేరారు. ఆ మేలును మేము తక్కువ చేయడం లేదు. ఆ మేలు చేయడానికి విదేశీ అతిథి రావలసిన పని ఏమిటన్నదే ప్రశ్న. ఉమ్మడి రాష్ట్రంలో 1977లో తెచ్చిన భిక్షాటన నిరోధక చట్టం అడుక్కోవడాన్ని నేరంగానే చూస్తుంది. చదువు, ఉపాధి లేకనే మనుషులు చేయి చాస్తారని, వారిని వీధుల నుంచి తొలగించమని తాము ఆదేశించలేమని 2021 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతకు మూడేళ్ల ముందే ఢిల్లీ హైకోర్టు అక్కడి చట్టంలో శిక్షించే నిబంధనలను కొట్టివేసింది. మన శాసనసభ ఆ పుస్తకం దుమ్ము దులిపి చూడడానికి ఇంకా ఏం కావాలి?

ముఠాల సంగతి ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఉన్నాయి. పసిపిల్లలకు మత్తు ఇచ్చి ఒళ్లో పడుకోబెట్టుకుని అడుక్కునేవాళ్లు ఉన్నారన్న ఫిర్యాదులు కొత్తవి కావు. అది పిల్లల మీద జరిగే నేరం. పట్టుకోవలసింది పోలీసులు, పట్టుకుని తీరాలి. ఆ నేరస్థుల పేరు చెప్పి, రైల్వే స్టేషన్ బయట కూర్చున్న ఎనభై ఏళ్ల ముసలమ్మను కూడా ముఠా సభ్యురాలిగా లెక్కగట్టడం ఎక్కడి న్యాయం?

ఈ ఊరికి ఇంకో అలవాటు కూడా ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని మింగేసినప్పుడు ఆరో నిజాం రాజమహళ్ల తలుపులు తెరిపించి, నిలువ నీడ లేనివారికి చోటు ఇచ్చారు, అన్నశాలలు పెట్టించారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఆ రోజు దాదాపు నూట యాభై మందిని తన కొమ్మల మీద నిలబెట్టి కాపాడింది; ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తెలుగు పల్లెల్లో, పట్నాల్లో వారాలు చేసుకుని చదువుకున్న తరం కూడా మరీ దూరమేమీ కాదు. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట అన్నం తిని పెద్ద ఉద్యోగాలకు ఎదిగినవాళ్ల గురించి మన ఇళ్లలో ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. ఒక మాట మాత్రం దాచకూడదు: ఆ ఔదార్యానికి చాలాచోట్ల కులం గడప అడ్డు ఉండేది. వారం దొరికే పిల్లలు కొందరే. దళిత పిల్లవాడికి వారం ఇచ్చిన ఇల్లు ఎక్కడో వెతకాలి. దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డివర్మ ఈ నగరంలో వారి కోసం విడిగా బడులు పెట్టవలసి రావడానికి కారణం అదే. పాత్రత వెతికే బుద్ధి నిన్న మొన్న పుట్టింది కాదు.

ఆ బుద్ధి పూర్తిగా మాయమైన కొద్ది వారాలు మాత్రం మనం కళ్లారా చూశాం. 2020 వేసవి. లాక్‌డౌన్‌లో పనులు ఆగిపోయి, మేడ్చల్ దారిన వలస కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని ఉత్తరానికి నడుస్తుంటే, రోడ్డు పక్కన ఎవరెవరో అన్నం గిన్నెలు, నీళ్ల సీసాలు, పిల్లలకు చెప్పులు పట్టుకుని నిలబడ్డారు. మే 1న లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు దాదాపు 1,200 మందితో బయలుదేరింది. అప్పుడు ఎవరూ "మీకు రేషన్ కార్డు ఉందా" అని అడిగి పులిహోర పెట్టలేదు. ఎందుకని? రేపు మనకూ ఇదే గతి కావచ్చన్న భయం అందరి ఇళ్లలోనూ ఒకేసారి దూరింది కాబట్టి. భయం పోయింది, ప్రశ్నలు తిరిగి వచ్చాయి.

ఆ ఇస్త్రీ చొక్కా మనిషి దగ్గరకు మళ్లీ వెళదాం. కష్టం అంటే చిరిగిన బట్టలు, మాసిన గడ్డం అనుకునే కంటికి ఆయన కనబడరు. ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పలేక, రోజూ తొమ్మిదింటికి సంచి తగిలించుకుని బయటికి వచ్చే మనుషులు ఈ నగరంలో ఉన్నారు. నెలవారీ కిస్తీల వల్ల కొందరు, ఇంట్లో ఒక్క జబ్బు వల్ల ఇంకొందరు నిచ్చెన మెట్ల మీద నుంచి జారుతున్నారు. వీరికి ఏ పథకం వర్తించదు. జాలి కూడా వర్తించదు, ఎందుకంటే "ఫ్లాటు ఉంది కదా" అంటారు. వీరి పిల్లలకు బడిలో ఏం జరుగుతుందో చూడండి. ఫీజు బాకీ ఉంటే తరగతిలో లేపి నిలబెట్టడం, పరీక్షల ముందు హాల్ టికెట్ ఆపడం కొన్ని ప్రైవేటు బడుల్లో ఇప్పటికీ మామూలే. బాకీ తండ్రిది, సిగ్గు పిల్లదానికి. ఆ తండ్రిని పిలిచి, గది తలుపు వేసి, ఎన్నాళ్లలో కట్టగలరని నెమ్మదిగా అడగడానికి బడికి అయ్యే ఖర్చు ఎంత?

ప్రభుత్వం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, అవి గొంతెమ్మ కోర్కెలు కావు. కార్డయినా పింఛనయినా నోటీసు ఇచ్చి, ఇంటికి వెళ్లి మనిషిని చూసి, ఆ తరువాతే తొలగించాలి. కంప్యూటర్ అనుమానం వ్యక్తం చేయవచ్చు, తీర్పు చెప్పకూడదు. నగరాల్లో లక్ష జనాభాకు ఒక రాత్రి ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. ఆ లెక్కకు మనం ఇంకా చాలా దూరంలో ఉన్నాం, ఉన్నవాటిలోనూ గుర్తింపు కార్డు లేదని తలుపు మూసే పద్ధతి ఉండకూడదు. రోగుల వెంట వచ్చేవారికి నగరంలోని 18 ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఐదు రూపాయల భోజనం 2022 మే నెలలో మొదలుపెట్టారు, మంచి పని. వారు పడుకునే చోటు మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ మెట్లు, చెట్ల నీడ, పేవ్‌మెంటు. వాన పడితే చాప చుట్టుకుని గోడకు ఆనుకుంటారు.

మిగిలింది మన ఇళ్లలో జరగవలసినది. ఈ నెల పదో తారీఖు దాటాక, గిన్నెలు కడగడం అయిపోయినా ఆమె వెళ్లకుండా వంటింటి గడప దగ్గర నిలబడుతుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంటుంది. "అమ్మా, ఒక మాట…" అని మొదలుపెట్టి ఆగుతుంది. ఆ మాట పూర్తి చేసే పని ఆమెకు పెట్టకుండా "ఎంత కావాలి?" అని మనమే అడగవచ్చు.