ఘాట్‌లో న్యూట్రల్ కొట్టమనే మెసేజీని ఇక ఆపండి

"పాత లారీకి ఇంజన్ బ్రేకు ఉండదు కాబట్టి ఘాట్ ఇలా దిగండి" అంటూ ఏడు సలహాల మెసేజీ ఒకటి కోనసీమ నుంచి భీమవరం దాకా లోడింగ్ గ్రూపులన్నిటిలో తిరుగుతోంది. తప్పని చెప్పిన మర్నాడే ఇంకొకరు మళ్లీ పంపుతున్నారు. కాలువ గట్ల మీద తోలినంతసేపు దానివల్ల నష్టం లేదు. మన డెల్టాలో లోడు బండికి తగిలే పెద్ద దిగుడు గోదావరి బ్రిడ్జి అప్రోచే కదా. అదే మెసేజీ చదివిన కుర్రాడు రేపు కొబ్బరి లోడుతో మారేడుమిల్లి దాటి చింతూరు వైపు దిగితే పరిస్థితి ఏంటి?

టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందట. లోడు మీద గాలి తగ్గితే టైరు వేడెక్కి పేలుతుంది, అంతే. క్లచ్ సగం తొక్కి, అంటే హాఫ్ క్లచ్ మీద దిగమన్నారు. క్లచ్ ప్లేటు కాలిపోతుంది, బండి మీద ఇంజన్ పట్టూ పోతుంది. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

అసలు ప్రమాదం మూడో సలహాలో ఉంది: "న్యూట్రల్‌లో దిగితే డీజిల్ మిగులుతుంది, అవసరమైనప్పుడు గేరు వేసుకోవచ్చు." ఎలా వేస్తారు? మూడో గేరులో 30 కిలోమీటర్ల స్పీడుకి ఇంజన్ నిమిషానికి 2,400 చుట్లు తిరిగే బండి అనుకోండి. న్యూట్రల్‌లో అది 50 అందుకోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆ స్పీడులో మూడో గేరు పడాలంటే ఇంజన్ 4,000 తిరగాలి. డబుల్ క్లచ్ కొట్టి, అంటే గేరు మార్చడానికి క్లచ్ రెండుసార్లు తొక్కి, ఎంత రేజ్ చేసినా పాత డీజిల్ ఇంజన్ అంత తిరగదు, డీజిల్‌ని కట్టడి చేసి ఇంజన్ స్పీడుని అదుపులో ఉంచే గవర్నర్ తిరగనివ్వదు. గేరు గరగరమంటుంది తప్ప పడదు. పోనీ పై గేరు పడిందే అనుకుందాం, ఆ దిగుడులో అది బండిని ఆపలేదు. ఇక మిగిలేది బ్రేకు ఒక్కటే.

డీజిల్ మిగులుతుందన్నదీ అబద్ధమే. పాత బండి డీజిల్ పంపులోనే ఆ గవర్నర్ ఉంటుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే, ఇంజన్ ఐడిల్ కంటే ఎక్కువ తిరుగుతున్నంతసేపూ గవర్నర్ డీజిల్‌ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఇంజన్ని తిప్పేది చక్రాలే. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ సొంతంగా తిరగాలి కాబట్టి గంటకి లీటరు పైనే తాగుతుంది. ఏది ఆదా? డీజిల్ పోసి మరీ ప్రాణాల మీదకి తెచ్చుకోమని చెప్పడమేగా ఇది!

"ఇంజన్ బ్రేకు లేని బండికి గేరుతో పనేంటి" అని కూడా రాశారు. ఇంజన్ బ్రేకంటే సైలెన్సర్ పైపుని మూసే ఫ్లాపు, పాత బండికి లేనిది అదొక్కటే. అది లేకపోయినా కింది గేరులో ఇంజన్ బండిని పట్టి ఉంచుతుంది, ఎంత ఎక్కువ తిరిగితే అంత గట్టిగా. కాకపోతే ఇంజన్ మీటరులో ఎర్ర గీత దాటకూడదు. చక్రాలు ఇంజన్ని తిప్పుతున్నప్పుడు గవర్నర్ ఆపలేదు, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుంటాయి.

స్టాపర్ లాగి, అంటే ఇంజన్ ఆపేసి దిగమనడం ఇంకా ఘోరం. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగితే బ్రేకులకి గాలి నింపే కంప్రెసరూ ఆగుతుంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి తగ్గడమే తప్ప నిండదు. పవర్ స్టీరింగ్ ఉన్న బండికి అదీ బిగుసుకుపోతుంది. గాలి బాగా పడిపోయాక స్ప్రింగ్ బ్రేకులున్న బండికి వెనక చక్రాలు వాటంతటవే పట్టేస్తాయి, అదీ మలుపులోనే కావచ్చు. స్ప్రింగ్ బ్రేకులు లేని బండికి ఆ దిక్కూ లేదు.

బ్రేకు మీద లైటుగా కాలు పెట్టి ఉంచమన్నారు. 16 టన్నుల బండి 300 మీటర్ల ఎత్తు దిగితే పుట్టే వేడితో 150 లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. ఇంజన్ పట్టు లేకపోతే దాదాపు అదంతా చక్రాల బ్రేకు డ్రమ్ముల్లోకే పోతుంది. లైటుగా తొక్కితే చక్రాలన్నీ సమానంగా పట్టవు. దగ్గరగా బిగించి ఉన్న రెండు మూడు చక్రాలే పనంతా చేసి కాలిపోతాయి. డ్రమ్ము వేడికి వెడల్పవుతుంది, బ్రేకుని నెట్టే పుష్ రాడ్ ఇంకా బయటికి రావాలి, చివరికి పెడల్ కిందిదాకా తొక్కినా డ్రమ్ముకి రాసుకుని బండిని ఆపే లైనరు దానికి ఆనదు. కాబట్టి స్పీడు 30 అని పెట్టుకుంటే, 30కి రాగానే గట్టిగా తొక్కి 22కి దించి, కాలు పూర్తిగా తీసెయ్యాలి. మళ్లీ 30 వచ్చాకే తొక్కాలి. రెండు తొక్కుళ్ల మధ్య వ్యవధి తగ్గిపోతుంటే మీరున్న గేరు ఎక్కువని అర్థం.

ఘాట్ మొదలయ్యేముందు ఆపి, చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలి, క్లీనర్ చేత బ్రేకు బిగువు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు ఒక్కొక్కటీ గట్టిగా లాగించి చూడండి. పుష్ రాడ్ దగ్గర అంగుళం కంటే ఎక్కువ కదిలితే బిగించాలి. లైనరు డ్రమ్ముకి ఆనేదాకా అడ్జస్టర్ నట్టు తిప్పి, అక్కడి నుంచి పావు నుంచి అర చుట్టు వెనక్కి తిప్పితే సరిపోతుంది. డ్రమ్ము చల్లగా ఉన్నప్పుడే ఈ పని చెయ్యాలి. వేడి మీద బిగిస్తే చల్లారాక చక్రం పట్టేస్తుంది.

పొగొచ్చే డ్రమ్ముల మీద నీళ్లు కొట్టమన్నది ఆరో సలహా. పోత ఇనుము ఒక్కసారిగా చల్లారితే పగులుతుంది. బండి పక్కకి ఆపి, గేరులో ఉంచి, చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వెయ్యకుండా దానంతటది చల్లారేదాకా ఉండాలి.

ఏడోది మాత్రం ఒప్పుకోవాలి: "ఎక్కిన గేరులోనే దిగాలి." కొత్త బండ్లు పవర్ ఎక్కువై పై గేరులో ఎక్కేస్తాయి కాబట్టి వాటికిది చాలదు, ఇంకో గేరు కిందికి దించాలి. తక్కువ పవరున్న పాత బండికి ఇది సరిగ్గా సరిపోతుంది. ఆ గేరు కూడా దిగుడు మొదలవ్వకముందే వేసుకోవాలి. పంపక తప్పదనుకుంటే ఈ ఒక్క ముక్క ఉంచి మిగతా ఆరూ చెరిపేసి పంపండి.