పొరుగింటి మైనారిటీ రుచి

మా బాబాయికి మైనారిటీ హక్కులంటే ప్రాణం. పొద్దున కాఫీ చల్లారేలోపు మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డు పడాల్సిందే. సింధులో హిందువుల పిల్లను ఎత్తుకెళ్ళి మతం మార్చారనో, లాహోరులో చర్చి మీద దాడి జరిగిందనో, బంగ్లాదేశ్‌లో దుర్గ పందిరి కూల్చేశారనో. కింద ఎర్రటి కోపం బొమ్మలు నాలుగు. ఈ మధ్య ఒకరోజు నల్లకోటు వేసుకున్న ఒక పొట్టి ఆవిడ ఫోటో పెట్టి, "ఇలాంటివాళ్ళు మన దేశంలో ఒక్కరైనా ఉన్నారా?" అని రాశాడు. ఆవిడ పేరు అస్మా జహంగీర్. పాకిస్తాన్ లాయరు. చనిపోయి చాలా ఏళ్ళయింది.

వెంటనే దణ్ణం బొమ్మ పెట్టాను. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు. పొరుగింటి మైనారిటీ అంతకన్నా రుచి. వండే శ్రమ మనది కాదు, గిన్నెలు తోమే పని అంతకన్నా కాదు. కాబట్టి ఆవిడ గొప్పతనాన్నీ, ఆవిడ సరిహద్దుకి అవతల పుట్టడం వల్ల మనకు కలిగిన సౌకర్యాన్నీ సవినయంగా మనవి చేసుకుంటాను.

1952లో లాహోరులో పుట్టింది. ఇరవై నిండకముందే కోర్టుకెక్కింది. 1971 చివర్లో వాళ్ళ నాన్న మాలిక్ గులాం జిలానీని సైనిక శాసనం (మార్షల్ లా) కింద లోపలేస్తే, మన ఇళ్ళల్లో సంబంధాలు చూసే వయసులో ఈ పిల్ల ప్రభుత్వం మీద కేసు వేసింది. 1972 ఏప్రిల్లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: జనరల్ యాహ్యా ఖాన్ అధికారాన్ని అక్రమంగా లాక్కున్నవాడే. అప్పటికి యాహ్యా ఖాన్ గద్దె దిగి నాలుగు నెలలైంది. న్యాయవ్యవస్థ ధైర్యం అలా ఉంటుంది, కాస్త ఆలస్యంగా అయినా వస్తుంది. తర్వాత చెల్లెలు హినా జిలానీతో, ఇంకో ఇద్దరితో కలిసి 1980లో అంతా ఆడవాళ్ళే ఉన్న లాయర్ల ఆఫీసు తెరిచింది. 1987లో పాకిస్తాన్ మానవ హక్కుల కమిషన్ పెట్టినవాళ్ళలో ఆవిడా ఒకరు. క్లయింట్లంటారా, ఫీజు అడగడానికి మొహమాటపడాల్సిన వాళ్ళే ఎక్కువ. ఇంట్లోంచి పారిపోయి వచ్చిన ఆడపిల్లలు, ఇటుక బట్టీల్లో అడ్వాన్సు తీసుకుని ఇరుక్కుపోయిన కూలీలు, దైవదూషణ కేసుల్లో పడ్డ క్రైస్తవులు.

ఆ కేసుల్లో ఒకటి కాస్త వివరంగా చెప్పాలి. లా చదివే పిల్లలకు పాఠంగా పెట్టదగ్గది.

గుజ్రాన్‌వాలా జిల్లాలో రత్తా ధోత్రాన్ అని ఒక ఊరు. 1993లో ఆ ఊరి మసీదు గోడ మీద దైవదూషణ రాతలు రాశారని ముగ్గురు క్రైస్తవుల మీద కేసు. ముగ్గురిలో సలామత్ మసీహ్ అనేవాడు ఇంకా మీసమైనా మొలవని పిల్లాడు. వాడికి చదవడం రాయడం రాదు. రాయడం రానివాడు గోడ మీద రాశాడన్నమాట. సరే, ఏం రాశాడు? అది చెప్పడం కుదరదన్నారు. చెబితే, ఆ మాటలు పలికిన సాక్షి కూడా దైవదూషణ చేసినట్టే అవుతుంది కదా! పోనీ గోడ చూద్దామా అంటే, అప్పటికే చెరిపేశారు. ఇంత పకడ్బందీ కేసు నేనెక్కడా చూడలేదు. మాట బయటికి రాదు కాబట్టి అది అబద్ధమని నిరూపించడం ఎవరి తరమూ కాదు.

1994 ఏప్రిల్లో వాయిదాకి వచ్చి బయటికి వెళ్తుంటే ముగ్గురి మీదా కాల్పులు జరిపారు. మంజూర్ మసీహ్ చనిపోయాడు. మిగిలిన ఇద్దరికీ 1995 ఫిబ్రవరిలో సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. అస్మా లాహోర్ హైకోర్టుకి వెళ్ళి వాదించింది. బయట గుంపు చేరి ఆవిడ కారు పగలగొట్టింది, డ్రైవర్ని కొట్టింది. కారు ఏం దూషణ చేసిందో రికార్డుల్లో లేదు. అదే నెలలో హైకోర్టు కేసు కొట్టేసింది. విడుదలైన ఇద్దరూ బతికి బట్టకట్టాలంటే దేశంలో ఉండకూడదని జర్మనీ వెళ్ళిపోయారు. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జీల్లో ఒకరైన ఆరిఫ్ ఇక్బాల్ భట్టీని 1997లో తన చాంబర్లో కూర్చుని ఉండగా ఒకడు వచ్చి కాల్చి చంపాడు.

ఇదంతా ఏ చట్టం కింద జరిగిందంటే, పాకిస్తాన్ శిక్షాస్మృతి 295-సి, ప్రవక్తను దూషిస్తే ఉరి దాకా తీసుకెళ్ళే సెక్షను. ఆ చట్టానికీ ఈవిడకీ ఒక చుట్టరికం ఉంది. 1986లో ఇస్లామాబాద్‌లో ఒక సెమినార్లో ఆవిడ ప్రవక్తను కించపరిచేలా మాట్లాడిందని గొడవ లేచింది. విచారిస్తే అలాంటిదేం లేదని తేలింది. అయితే తేలేలోపు వేడి పార్లమెంటు దాకా పాకింది, ఆ వేడిలోనే 295-సి వచ్చింది. అనని మాట మీద ఒక చట్టం, చెప్పని మాట మీద ఒక ఉరిశిక్ష. మన దగ్గర ఇలాంటివి ఉండవు అని బాబాయి అంటాడు. నిజమే. మనకున్నది 295-ఎ మాత్రమే, మత భావాలను కావాలని గాయపరిస్తే శిక్ష వేసేది. తెల్లవాడు 1927లో ఇద్దరికీ కలిపి కుట్టిన చొక్కా అది. విడిపోయాక పాకిస్తాన్ దానికి చేతులు పొడిగించుకుంది, మనం ఈమధ్యే నంబరు మార్చి 299 అని కొత్త గుండీ కుట్టించుకున్నాం.

పాకిస్తాన్ జెండాలో తెల్ల పట్టీ మైనారిటీల కోసమే. మంచి ఆలోచన. కాకపోతే కర్ర దూర్చేది ఆ తెల్ల పట్టీ వైపే. దీని లోతు అర్థం కావాలంటే రబ్వా వెళ్ళి అబ్దుస్ సలాం సమాధి చూడాలి. ఫిజిక్స్‌లో 1979లో నోబెల్ వచ్చినాయన. అహ్మదీయుడు, అంటే తాము ముస్లింలమనే చెప్పుకునే ఒక శాఖవాడు. 1974లో అహ్మదీయులు ముస్లింలు కారని రాజ్యాంగంలోనే రాసేశారు. 1984లో వాళ్ళు ముస్లింలమని చెప్పుకోవడం నేరమని సైనిక పాలకుడు జియా ఉల్ హక్ ఆర్డినెన్సు తెచ్చాడు. సమాధి రాయి మీద మొదట "నోబెల్ పొందిన తొలి ముస్లిం" అని ఉంటే, ముస్లిం అన్న మాట మీద రంగు పూశారు. ఇప్పుడా రాయి ప్రకారం ఆయన నోబెల్ పొందిన తొలి... అంతే. తొలి ఏమిటో మీరే పూరించుకోవాలి. ఇలాంటివాళ్ళ తరఫున మాట్లాడిందని అస్మాని కూడా ఖాదియానీ అన్నారు, అహ్మదీయుల్ని తిట్టే మాట అది. చాలనట్టు ఇండియా ఏజెంటన్నారు, దేశద్రోహి అన్నారు.

ఇక్కడ నా బుర్రకి ఒక పథకం తట్టింది. మైనారిటీల తరఫున మాట్లాడేవాళ్ళకు సొంత దేశంలో తిట్లు, పక్క దేశంలో దణ్ణాలు. అలాంటప్పుడు ఇద్దరూ మార్చుకుంటే పోలా? మన హక్కుల లాయర్లందరినీ వాఘా దగ్గర గేటు దాటించేద్దాం, వాళ్ళవాళ్ళని ఇటు తెచ్చుకుందాం. అక్కడ దేశద్రోహి అయినవాడు ఇక్కడ మహానుభావుడు, ఇక్కడి అర్బన్ నక్సలు అక్కడ మానవతావాది. సాయంత్రం జెండాలు దించి కాళ్ళెత్తి కొట్టే ఆ పరేడ్ మధ్యలోనే ఈ కార్యక్రమం కూడా పెట్టొచ్చు, టికెట్లు అమ్ముడుపోతాయి. ఈ పథకం విదేశాంగ శాఖకు పంపాలని టైపు కూడా చేయించాను.

పంపేలోపు తెలిసింది, దీన్ని ఆల్రెడీ ఒకసారి ట్రై చేశారని.

2004 నుంచి 2010 దాకా అస్మా మతస్వేచ్ఛ మీద ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి. ఆ హోదాలో 2008 మార్చిలో మన దేశం వచ్చింది. సొంతిల్లు తగలబడుతుంటే పక్కింటి పొగ చూడ్డానికి వచ్చిందని అక్కడివాళ్ళన్నారు. ముంబైలో శివసేన అధినేత బాల్ ఠాక్రేని కలిసింది. ఆరోపణలున్నవాళ్ళ మాట కూడా వినడం ఆ ఉద్యోగంలో భాగం. ఆ రోజు ఆవిడ బట్టల రంగు కాషాయానికి దగ్గరగా ఉండటంతో ఆ ఫోటో పాకిస్తాన్‌లో ఏళ్ళ తరబడి తిరిగింది. చూశారా, ఏజెంటు! అని. ఒక్క చీరో, కమీజో ఎంత సాక్ష్యమవుతుందో రత్తా ధోత్రాన్ గోడని చూసినవాళ్ళకు ఆశ్చర్యం ఉండదు.

మన దగ్గర ఏం చేసింది? గుజరాత్ వెళ్ళింది, కశ్మీర్ వెళ్ళింది, భువనేశ్వర్ వెళ్ళింది. ఒడిశాలో అంతకుముందు డిసెంబరులోనే కంధమాల్‌లో చర్చిలు తగలబడ్డాయి. ఆవిడ వచ్చి వెళ్ళిన ఐదు నెలలకు అంతకన్నా ఘోరంగా మళ్ళీ తగలబడ్డాయి. మతమార్పిడి నిరోధక చట్టాల మీద అభ్యంతరం చెప్పింది. ఆ చట్టాల్లో మొదటి తరం దాని పేరు, 1967లో ఒడిశా చేసింది, ఒరిస్సా మత స్వేచ్ఛా చట్టం. పేరులో స్వేచ్ఛ ఉంది కదా, ఇంకా లోపల కూడా కావాలంటే అత్యాశ. పైగా మతాన్ని బట్టి ఎస్సీ హోదా తీసేయడం సరికాదని రిపోర్టులో రాసింది. ఇది సరాసరి మన ఊళ్ళ గుమ్మంలోకి వచ్చే విషయం. మన దగ్గర ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారితే కాగితం మీద బీసీ-సి అయిపోతుంది. రిజర్వేషను ఒక శాతం. ఆదివారం పాట పాడినందుకు ఊళ్ళో వాడు ఏ వాడలో ఉంటాడన్నది మాత్రం మారదు. దాంతో సర్టిఫికెట్టులో ఒక దేవుణ్ణి, ఇంట్లో ఇంకో దేవుణ్ణి పెట్టుకుని నెట్టుకొచ్చేవాళ్ళు ఎంతమందో మండలాఫీసు గుమాస్తాకి తెలుసు, పాస్టరుకి తెలుసు, ఎవరూ అనరు.

ఈ సంగతులు బాబాయికి చెప్పాను. ఫోన్లోంచి తలెత్తి చూశాడు.

"ఏ అస్మారా?"

"మీరు పొద్దున పెట్టారే, ఆవిడే."

"ఆవిడకెందుకురా మన గొడవలు? వాళ్ళ దేశం చూసుకోమను ముందు."

"చూసుకుంది బాబాయ్, కారు పగలగొట్టించుకునేంత చూసుకుంది."

"అది వేరు," అన్నాడు. వేరని నాకూ అనిపించింది. నా పథకం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

బాబాయి మా అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీ. అదే వారం మీటింగు జరిగింది. అజెండాలో బోరు మోటారు, పార్కింగు, 302. ఆ ఫ్లాటు ఓనరు అమెరికాలో ఉంటాడు. అద్దెకు అడిగినవాళ్ళు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, కొత్తగా పెళ్ళయినవాళ్ళు, ముస్లింలు. అడ్వాన్సు రెడీగా ఉందన్నారు. సెల్లారులో ప్లాస్టిక్ కుర్చీలేసుకుని పదకొండు మందిమి కూర్చున్నాం. బోరు మోటారు మీద నలభై నిమిషాలు గొంతులు చించుకున్నారు. 302 దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా అందరికీ మర్యాద వచ్చేసింది. "నాకైతే ఏం అభ్యంతరం లేదండీ, మిగతావాళ్ళు ఏమంటారో" అని ఒకరు. "మాకూ లేదు, మా అత్తగారు పెద్దావిడ కదా" అని ఇంకొకరు. "పిల్లాడు చాలా మంచివాడు, మా ఆఫీసే" అని మూడో ఆయన, ఆ మాట చెప్పి వాచీ చూసుకున్నాడు. ఎవరికీ అభ్యంతరం లేకుండానే నిర్ణయం అయిపోయింది. కారణం ఏమిటో ఎవరి నోటా రాలేదు. ఏం రాయమంటారని మినిట్స్ బుక్కు పట్టుకున్న కుర్రాడు అడిగితే బాబాయి కాసేపు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించి "కారణాంతరాల వల్ల" అని చెప్పాడు. కింద పదకొండు సంతకాలు. ఏడోది నాది. బోరు మోటారు గురించి కూడా ఆ పేజీలోనే ఉంది కదా, పెట్టకపోతే బాగుండదు.

ఇక అస్మా జహంగీర్ 2018 ఫిబ్రవరి 11న పోయింది. రెండు రోజులకు లాహోర్ గడాఫీ స్టేడియం దగ్గర జనాజా నమాజు, అంటే అంత్యక్రియల ప్రార్థన. చేయించినాయన హైదర్ ఫారూఖ్ మౌదూదీ, ఆవిడ జీవితాంతం ఎవరితో తలపడిందో ఆ మతవాద పార్టీ జమాతే ఇస్లామీని స్థాపించిన మౌదూదీ కొడుకు. ఆడవాళ్ళు వెనక్కి తగ్గకుండా మగవాళ్ళతో పాటు వరసల్లో నిలబడ్డారు. ఇదేం పద్ధతని మతపెద్దలు కొన్నాళ్ళు మండిపడ్డారు. బతికుండగా చిన్న బిరుదులిచ్చిన ప్రభుత్వం, పోయిన నెలన్నరకు అన్నిటికన్నా పెద్దవాటిలో ఒకటైన నిషాన్-ఎ-ఇంతియాజ్ ప్రకటించింది. చనిపోయినవాళ్ళు కూడా ఒక రకంగా పొరుగువాళ్ళేగా.

ఆ నమాజు ఫోటో నిన్న బాబాయికి ఎక్కడో దొరికింది. మొదటి వరసలో తలల మీద దుపట్టాలు కప్పుకున్న ఆడవాళ్ళు, పక్కనే మగవాళ్ళు. కింద రాశాడు, "ధైర్యం అంటే ఇదీ!" ఇరవై మూడు దణ్ణాలు వచ్చాయి, నాది కలిపి. పది నిమిషాల తర్వాత పొరపాటున ఫ్యామిలీ గ్రూపులోనే ఇంకో మెసేజీ పెట్టేశాడు, అసోసియేషన్ గ్రూపులో పెట్టాల్సింది. "302 టూ బీహెచ్‌కే ఇంకా ఖాళీగానే ఉంది. మంచి ఫ్యామిలీ అయితే చెప్పండి. వివరాలు ఫోన్లో మాట్లాడుకుందాం."