వేలిముద్ర వేసినవారికి ఫలితం చెప్పరా?

విశాఖలోని గాజువాక నుంచి ఒక పాఠకురాలు ఈ వారం మా కార్యాలయానికి ఒక ఫైలు పట్టుకొచ్చారు. నీలం అట్ట. లోపల తెలుగులో అచ్చువేసిన సమ్మతి పత్రం, ప్రతి పేజీ అడుగున ఆమె తండ్రి వేలిముద్ర. తాపీ పని చేసి చేసి పగిలిన వేలు కావడంతో ముద్ర మధ్యలో తెల్లటి గీతలు పడ్డాయి. మాత్ర వేసుకున్న రోజున టిక్కు పెట్టమని ఇచ్చిన చిన్న డైరీ కూడా అందులోనే ఉంది. షుగరుకు కొత్త మందు మీద జరిగిన క్లినికల్ ట్రయల్‌లో ఆయన పద్నాలుగు నెలలు ఉన్నారు. ఒక్క వాయిదా కూడా తప్పలేదు. ట్రయల్ ముగిసి మూడేళ్లు దాటింది. ఆ మందు పని చేసిందా, అసలు నాన్నకు ఇచ్చింది కొత్త మందేనా అని కూతురు అడిగితే, కంపెనీ మాకేమీ పంపలేదని నగరంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రి చేతులు దులుపుకుంది. కంపెనీకి మెయిల్ పెడితే జవాబే లేదు.

ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య. రక్తం కావలసినన్నాళ్లూ ఫోన్ చేసి మరీ పిలిచారు. ఫలితం దగ్గరికొచ్చేసరికి ఆ మనిషి ఎవరో తెలియనట్టు ఊరుకున్నారు.

ఇది ఒక ఇంటి గొడవ అనుకుంటే పొరపాటు. మందు బాగా పని చేసిందని తేలిన ట్రయల్ జర్నల్‌కు ఎక్కుతుంది, డాక్టర్ల సదస్సుల్లో తెర మీద కనిపిస్తుంది. పని చేయలేదనో, కీడు చేసిందనో తేలినది బీరువాలో పడి ఉంటుంది. డాక్టర్ చదివేది మొదటి రకమే కాబట్టి చీటీ మీద రాసేదీ దాన్ని నమ్మే. వైద్య పరిశోధనకు పట్టిన ఈ జబ్బు పాతదే. లెక్కలు కూడా ఎప్పుడో తేలాయి. డిప్రెషన్‌కు వాడే 12 మందుల మీద అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు చేరిన 74 ట్రయల్స్‌ను పరిశోధకులు వెతికి పట్టుకుని 2008లో బయటపెట్టారు. అనుకూలంగా వచ్చినవి 38 ఉంటే 37 అచ్చయ్యాయి. అలా రానివి 36 ఉంటే 22 అచ్చే కాలేదు, 11 మందు బాగానే పని చేసిందన్న అర్థం వచ్చేలా అచ్చయ్యాయి. ఉన్నదున్నట్టు చెప్పినవి మూడే మూడు. జర్నళ్లు మాత్రమే చదివిన డాక్టర్‌కు నూటికి 94 ట్రయల్స్ విజయవంతమైనట్టు కనిపిస్తుంది. నిజానికి అవి సగం.

దీనివల్ల ప్రాణాలు పోతాయా అని అడిగేవారికి లోర్కైనైడ్ కథ చెప్పాలి. గుండె లయ తప్పకుండా చూస్తుందనుకున్న మందు అది. 1980లో ఇంగ్లండ్‌లో గుండెపోటు అనుమానంతో వచ్చిన 95 మంది మీద పరీక్షించారు. మందు తీసుకున్నవారిలో తొమ్మిది మంది చనిపోయారు. పోలిక కోసం మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవారిలో చనిపోయింది ఒక్కరు. మందును మార్కెట్లోకి తేకూడదని కంపెనీ నిర్ణయించుకుంది. కారణం వ్యాపారమే. ఫలితం మాత్రం 1993 దాకా అచ్చు కాలేదు. ఆ పదమూడేళ్లలో అదే కోవకు చెందిన ఇతర మందులను గుండెపోటు వచ్చిన వేలాది రోగులకు డాక్టర్లు నమ్మకంతో రాశారు. వాటిలో రెండు మందులు వాడినవారిలో మరణాలు పెరిగాయని 1989లో పెద్ద ట్రయల్ ఒకటి తేల్చాకే కళ్లు తెరుచుకున్నాయి. తొమ్మిది మంది చావు చెప్పిన హెచ్చరిక కాగితాల మధ్య నిద్రపోయింది. ఆ పరిశోధన చేసినవారే తర్వాత తమ ఫలితం ముందే బయటికొచ్చి ఉంటే హెచ్చరికగా పనికొచ్చేదని ఒప్పుకున్నారు. ఎవరికి చెప్పి ఏం లాభం?

మన దగ్గర నిబంధనలు లేవా అంటే, సగం ఉన్నాయి. ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు వేసిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా వ్యవహారంలో హాస్టల్ వార్డెన్లే సమ్మతి పత్రాల మీద సంతకాలు పెట్టారన్న సంగతి తెలుగువారెవరూ మరచిపోలేదు. పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. ట్రయల్స్ తీరుపై సుప్రీంకోర్టూ జోక్యం చేసుకుంది. ఆ గొడవల మధ్యే సమ్మతికి వీడియో, పరిహారానికి లెక్క, ట్రయల్ సబబేనా అని చూసి అనుమతించే ఎథిక్స్ కమిటీలకు రిజిస్ట్రేషన్ వచ్చాయి. 2019 నిబంధనలు వాటిని గట్టిపరిచాయి. మంచిదే. కానీ లోపలికి వెళ్లే గుమ్మం దగ్గర కాపలా పెట్టి, బయటికొచ్చే గుమ్మం గాలికి వదిలేశారు. 2009 జూన్ 15 నుంచి ప్రతి ట్రయల్‌నూ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాల్సిందే. ముగిశాక ఫలితాన్ని ఇన్నాళ్లలోగా జనం ముందు పెట్టాలని, పెట్టకపోతే ఇంత జరిమానా అని గట్టిగా చెప్పే నిబంధన ఏదీ? అమెరికాలో 2007 చట్టం ఏడాది గడువు పెట్టింది, దాటితే రోజుకు 10 వేల డాలర్లకు పైబడి జరిమానా వేయవచ్చు. అక్కడా అమలు అంతంతమాత్రమే. కనీసం చట్టమంటూ ఉంది.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మాట ఒకటి, చేత ఒకటి కావడం. ఆ రిజిస్ట్రీని నడిపేది కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్. ట్రయల్ ఫలితాలను ఏడాదిలోగా బయటపెట్టేలా చూస్తామని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చేయించిన ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేసింది కూడా ఐసీఎంఆరే. అదే ఐసీఎంఆర్ 2020 జూలై 2న పన్నెండు ఆసుపత్రులకు లేఖ రాసి, ట్రయల్స్ ఇంకా మొదలు కాకుండానే ఆగస్టు 15కల్లా కొవాగ్జిన్ జనానికి అందాలంది. ఆ పన్నెండింటిలో మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉంది. సమర్థత చెప్పే మూడో దశ ఫలితాలు రాకుండానే 2021 జనవరి 3న అత్యవసర అనుమతి వచ్చేసింది. ఆ ఫలితాలు పూర్తిగా అచ్చయ్యేసరికి నవంబరు. టీకా పని చేసిందన్నది వేరే మాట. మహామారి కాలంలో తొందర ఉంటుందని మాకూ తెలుసు. కానీ ఫలితం చూపించకుండానే నమ్మమనడం ఒకసారి అలవాటైతే, చిన్న కంపెనీకీ చిన్న ఆసుపత్రికీ అదే దారి అవుతుంది. గాజువాక తాపీమేస్త్రీకి జరిగింది అదే.

వ్యాపార రహస్యాలు పోతాయని కంపెనీలు, పని చేయలేదన్న వ్యాసాన్ని జర్నళ్లు తీసుకోవని డాక్టర్లు అంటారు. రెండో మాటలో కొంత నిజముంది. అయితే రిజిస్ట్రీలో రెండు పేజీల సారాంశం పెట్టడానికి ఏ జర్నల్ దయా అక్కర్లేదు. మందు తయారీ గుట్టు ఎవరూ అడగడం లేదు. ఎంతమందికి ఇచ్చారు, ఎంతమందికి నయమైంది, ఎంతమందికి వికటించింది, ఇంతే అడుగుతున్నారు. ఆ లెక్క వచ్చింది రోగుల ఒంటి నుంచి. వేలిముద్ర రోగిదైనప్పుడు ఫలితం కంపెనీ సొంత ఆస్తి ఎలా అవుతుంది?

విశాఖకు ఈ విషయంలో ప్రత్యేక బాధ్యత ఉంది. పక్కనే పరవాడ ఫార్మా సిటీ. 1923లో మొదలైన ఆంధ్ర మెడికల్ కాలేజీ ఇక్కడిది. శ్రీకాకుళం నుంచి, పాడేరు కొండల నుంచి, ఒడిశా నుంచి రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి ఓపీ లైన్లో నిలబడే జనం ఈ ఊరి ఆసుపత్రులను నమ్ముకుని వస్తారు. డాక్టరు గారు పెట్టమన్నచోట వేలు పెట్టేది వాళ్లే.

ఢిల్లీ నిబంధన మార్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, వారిలో ఒక న్యాయ నిపుణుడు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని ఒక సామాన్యుడు ఉండాలని నిబంధన. సగం మంది ఆ సంస్థకు బయటివారై ఉండాలి. సరిగ్గా ఇలాంటి ప్రశ్న అడగడానికే వాళ్లను అక్కడ కూర్చోబెట్టారు. కొత్త ట్రయల్ ఫైలుతో కంపెనీ వచ్చినప్పుడు, పాత ట్రయల్ ఫలితం ఎక్కడ పెట్టారో చూపించండి అని అడగాలి. చూపించకపోతే ఫైలు వెనక్కి పంపాలి. ట్రయల్ ముగిశాక పాల్గొన్న ప్రతి మనిషికీ ఫలితాన్ని తెలుగులో ఒక పేజీలో చెబుతామని ఒప్పందంలోనే రాయించుకోవాలి. ఇందుకు ఏ జీవో అవసరం లేదు. నగరంలోని కమిటీలన్నీ ఒక్క మాట మీద నిలబడితే చాలు.

ఆ ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి కూతురు రాసిన అర్జీ నకలు కూడా ఆ నీలం ఫైలులో ఉంది. అర్జీ అందినట్టు ముద్ర వేసి నెల దాటింది. అయ్యా, ఆ తాపీమేస్త్రీ కూలి పోగొట్టుకుని, పరగడుపున రెండు బస్సులు మారి, పద్నాలుగు నెలలపాటు మీ దగ్గరికి వచ్చారు. ఆయనకు ఒక్క ఉత్తరం రాయడానికి మీకు మూడేళ్లు చాలలేదా?