చూపు లేనివారికి అందని తెలుగు ఫైళ్లు

తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థులకు తెలుగు నోట్సు టైప్ చేసిచ్చే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. ఆ నోట్సు కంటికి చక్కగానే కనిపిస్తుంది. చూపు లేని విద్యార్థి అదే ఫైల్‌ను, తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో తెరిస్తే మాత్రం అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వినిపిస్తాయి. ఫైల్ లోపల ఉన్నవి తెలుగు అక్షరాలే కావు మరి. ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లకు తెలుగు రూపాలు తొడిగారు. స్క్రీన్ రీడర్ చదివేది రూపాన్ని కాదు, కోడ్‌ను. ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా ఈ అవస్థ తప్పడం లేదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో యూనికోడ్ తెలుగుకు ఈ ఇబ్బంది లేదు. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో వాడేటప్పుడు ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ కన్నా వర్డే చాలాచోట్ల సాఫీగా నడుస్తుందని కూడా ఒప్పుకోవాలి. 2005లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం వర్డ్ ఫైళ్లు వదిలి, ఏ ఒక్క కంపెనీకీ చెందని ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్‌కు మారతానంటే వికలాంగుల తరఫువాళ్లే అభ్యంతరం చెప్పారు. స్క్రీన్ రీడర్లు ఏళ్ల తరబడి వర్డ్‌కు తగ్గట్టుగా తయారయ్యాయి, మారితే తమ ఉద్యోగాలు ఏమవుతాయని వాళ్ల టెన్షన్. అది న్యాయమైనదే. కానీ ఒక్క కంపెనీ మీద ఇంతగా ఆధారపడాల్సి రావడమే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద నష్టం.

వర్డ్ 2007లో పాత మెనూలు తీసేసి రిబ్బన్ అనే బటన్ల పట్టీ పెట్టినప్పుడు, మెనూల వరస విని గుర్తుపెట్టుకున్నవాళ్లు మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. ఏదైనా బటన్ పేరు పలకకపోతే కంపెనీ సరిచేసేదాకా ఆగాల్సిందే. వర్డ్ ప్రోగ్రామ్ కోడ్ మూసి ఉంటుంది కాబట్టి బయటివాళ్లు ఎంత నిపుణులైనా దాన్ని బాగుచేయలేరు. ఎన్‌వీడీఏ కథ వేరు. చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు మైఖేల్ కర్రన్ 2006లో దాన్ని మొదలుపెట్టాడు. అది ఉచితం, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. వర్డ్ ప్రాసెసర్‌లోనూ వాడేవాళ్లకు అలాంటి హక్కు ఉండాలి.

అందుబాటులో ఉండే రూపంలో సమాచారం ఇవ్వాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. తిరుపతి, చిత్తూరు కాలేజీలు తెలుగు నోట్సు, సర్క్యులర్లను యూనికోడ్‌లోనే తీసుకుంటామని డీటీపీ సెంటర్లకు చెప్పాలి. విండోస్‌లో తెలుగు కీబోర్డు ఎలాగూ ఉంది, పాత అను ఫైళ్లను మార్చే కన్వర్టర్లూ దొరుకుతున్నాయి. వర్డ్‌తో పాటు లిబ్రేఆఫీస్‌ను కూడా ల్యాబుల్లో పెట్టి, అందులో ఏది పలకడం లేదో చూపు లేని విద్యార్థులనే అడగాలి. వాళ్లు చెప్పిన లోపాలను సరిచేసే పని కంప్యూటర్ సైన్స్ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వవచ్చు. లిబ్రేఆఫీస్ కోడ్ తెరిచే ఉంది కాబట్టి ఆ పని ఇక్కడి నుంచే చేయవచ్చు.