ఏసీ ఫిల్టర్ మార్చామని బిల్లేశారు, తీసి చూస్తే పాతదే ఉంది

నెల్లూరు షోరూములో సర్వీసుకిచ్చిన కారు తెచ్చుకుని ఇప్పుడే కావలిలో ఇంటికి చేరాను. ఒళ్ళు మండిపోతోంది, ఇది రాసి పెట్టాకే అన్నం. మామూలు సర్వీసండీ. ఏడాదికోసారి అందరం చేయించేదే. ఎక్కడా గుద్దింది లేదు, ఇంజన్ విప్పింది లేదు, పొద్దున ఇచ్చి సాయంత్రం తెచ్చుకునే పని. ముందురోజు ఫోన్ చేస్తే "ఐదు వేల లోపే అవుద్ది మేడమ్" అన్నారు. సాయంత్రం నా చేతిలో పెట్టిన బిల్లు పదకొండు వేల చిల్లర. మధ్యలో నాకు ఒక్క ఫోన్ రాలేదు, ఒక్క మెసేజ్ రాలేదు.

ఏంది ఇంత అయింది అని అడిగితే సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్ లోంచి తల ఎత్తకుండా "అన్నీ కంపెనీ రేట్లే మేడమ్" అన్నాడు. అన్నీ అంటే ఏవేవి? అది చెప్పడు. బిల్లు రెండు పేజీలు, చీమలబారులా అక్షరాలు, సగం ఇంగ్లీషు పొట్టి మాటలు, ప్రతి లైను చివర ఏదో కోడ్ నంబరు. జనం చదవకూడదనే అట్టా కొడతారని నేను ఎప్పటినుంచో అంటున్నా. నేను మాత్రం చదివాను. కౌంటర్ దగ్గరే నిలబడి, వెనకున్న వాళ్ళు విసుక్కుంటున్నా, లైను లైనూ చదివాను.

మొదటి లైను ఇంజన్ ఆయిల్, నాలుగు లీటర్లు. నా కారు మాన్యువల్ లో ఫిల్టర్ తో కలిపి మూడున్నర అని స్పష్టంగా ఉంది. మిగతా అర లీటరు ఎవరి కారులో పోశారు? సీల్ ఉన్న డబ్బా తెచ్చి మన ముందు తెరిస్తే లెక్క తెలుస్తుంది. వాళ్ళు డ్రమ్ము నుంచి గన్ తో కొడతారు, ఆ మీటరు మనకి కనపడదు. పెట్రోల్ బంకులో "సున్నా చూసుకోండి" అని చెప్పి పోస్తారు. అంతకు ఎన్నో రెట్లు ఖరీదైన ఆయిల్ పోసేటప్పుడు మాత్రం మనల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. కాఫీ వద్దు నాయనా, ఆ గన్ దగ్గర నిలబడనీ.

తర్వాత వరసగా ఇంజన్ కి గాలి పోయే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 850, ఏసీ ఎవాపరేటర్ క్లీనింగ్ 1,450, ఫ్యూయల్ సిస్టమ్ క్లీనర్ 650, ఎలుకల స్ప్రే 750, వీల్ అలైన్ మెంట్, బ్యాలెన్సింగ్. పైగా "కన్సూమబుల్స్" అని 180. అవేంటయ్యా అంటే గుడ్డపీలికలు, గ్రీజు అట. లేబర్ వేరే, దాని మీద 18 శాతం జీఎస్టీ. అంటే నేను అడగని పనికి కూడా ప్రభుత్వానికి పన్ను కట్టాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆటో విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతానికి తెచ్చారు, అంతకు ముందు చాలా పార్టుల మీద 28 ఉండేది, అందరం సంతోషపడ్డాం. మరి పన్ను తగ్గిన పార్టుల ధర ఆ మార్పుకి ముందటి బిల్లు కంటే ఒక్క రూపాయి ఎందుకు తగ్గలేదు? ఆ తగ్గిన పన్ను ఎవరి జేబులోకి పోయింది?

ఇప్పుడు అసలు సంగతి. బిల్లులో ఏసీ ఫిల్టర్ కూడా ఉంది, మార్చినట్టు. ఇంటికి వచ్చీ రాగానే ముందు సీటు ఎదురుగా ఉండే గ్లవ్ బాక్స్ తెరిచాను. నా కారులో అయితే దాన్ని రెండు వైపులా లోపలికి నొక్కితే కిందికి వాలిపోతుంది, వెనక ఒక సన్నటి మూత, ఆ మూత తీస్తే ఫిల్టర్ బయటికి వస్తుంది. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు, చిన్నపిల్లలు కూడా చెయ్యగల పని. ఫోన్ లైటు వేసి లాగాను. నల్లగా మసి పట్టి ఉంది. మడతల మధ్య దుమ్ము గట్టకట్టింది, ఒక మడతలో ఎండిన వేపాకు రెబ్బ. మా ఇంటి ముందు నేను కారు పెట్టేది వేపచెట్టు కిందే. ఆ ఫిల్టర్ మార్చడం కాదు కదా, మూత కూడా తియ్యలేదు. ఆరొందల రూపాయలు. మా పిల్లలు రోజూ ఆ గాలే పీలుస్తున్నారు.

దీన్ని ఏమనాలి? పొరపాటు అందామా? పొరపాటయితే ఒక్కసారైనా నా వైపు తప్పాలి కదా. కొత్త ఫిల్టర్ వేసి బిల్లు వెయ్యడం మరిచిపోయిన షోరూము మీకెవరికైనా తగిలిందా?

వాళ్ళు అమ్మే తీరు కూడా చూడండి. పొద్దున కారు ఇచ్చేటప్పుడు అండర్ బాడీ కోటింగ్ చేయించుకోమని పట్టుపట్టాడు. "మీది కావలి కదా మేడమ్, సముద్రం పక్కన, ఉప్పు గాలికి కింద అంతా తుప్పు పడుతుంది." సముద్రం దగ్గర ఇనుము తుప్పు పడుతుందని మాకు తెలియదా? మా గేటు, మా గ్రిల్లు, మా డాబా మీది కడ్డీలు చూస్తూనే పెరిగాం. కానీ నా కారుకి కొన్న రోజే ఆ కోటింగ్ వేశామని ఇదే షోరూము డబ్బు తీసుకుంది, రసీదు నా దగ్గర ఉంది. ఆ మాట అనగానే "అది బేసిక్ మేడమ్, ఇది ప్రీమియం" అన్నాడు. ఎలుకల స్ప్రేకి మళ్ళీ ఇంకో పాట, చుట్టూ వరి మళ్ళు కదా మేడమ్, వైర్లు కొరికేస్తాయి అని. అంటే నెల్లూరు జిల్లాలో పుట్టినందుకు ఒక్కో భయానికి ఒక్కో రేటు. రేపు కందుకూరు నుంచి వచ్చేవాళ్ళకి ఎండ పేరు చెప్పి ఇంకేదో కోటింగ్ అంటారు.

ఆ కుర్రాడికి టార్గెట్ ఉంటుందని నాకు తెలుసు. వీఏఎస్ అంటారు వాళ్ళలో వాళ్ళు, వాల్యూ యాడెడ్ సర్వీసులు, నెలకి ఇన్ని క్లీనింగులు, ఇన్ని కోటింగులు అంటగట్టాలి, అప్పుడే ఇన్సెంటివ్. జీతం తక్కువ, ఒత్తిడి ఎక్కువ. ఆ పిల్లల మీద అంత టెన్షన్ పెట్టిన పైవాళ్ళ మీద నాకు ఇంకా కోపం. కానీ నా కారుకి ఏం కావాలో తేల్చాల్సింది మాన్యువల్ చివర పేజీల్లో ఉన్న పట్టిక. ఎన్ని కిలోమీటర్లకి ఆయిల్, ఎన్నేళ్ళకి బ్రేక్ ఆయిల్, ఎప్పుడు స్పార్క్ ప్లగ్గులు, అన్నీ అందులో ఉన్నాయి. చాలా పెట్రోల్ కార్లకి పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందొస్తే అది. నా కారు పట్టికలో ఈ సర్వీసుకి థ్రాటిల్ బాడీ క్లీనింగ్ అన్న మాటే లేదు. ఎలుకల మాట అసలే లేదు. కంపెనీ వెబ్ సైట్లోనే మోడల్, ఊరు, కిలోమీటర్లు కొడితే సర్వీసు ఖర్చు చూపిస్తుంది. కొట్టి చూపించాను, ఐదు వేల లోపే వచ్చింది. "అది ఉత్త అంచనా మేడమ్" అన్నాడు. కంపెనీ రేట్లే అన్నది ఆ నోరే, కంపెనీ రేటు చూపిస్తే కాదన్నది ఆ నోరే.

సరే, బయట చేయించుకుంటా అంటే వారంటీ పోతుందని బెదిరింపు. ఈ ముక్క మాత్రం అందరూ చదవండి. 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్, అంటే కంపెనీలు పోటీని తొక్కెయ్యకుండా చూసే కేంద్ర సంస్థ, 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్లకు పైగా జరిమానా వేసింది. ఎందుకు? విడిభాగాలు, లోపాలు కనిపెట్టే పరికరాలు బయట మెకానిక్కులకి అందకుండా తమ గుప్పిట్లో పెట్టుకున్నందుకు. బయట రిపేరు చేయిస్తే మొత్తం వారంటీ రద్దు అనే గంపగుత్త షరతు పెట్టొద్దని, బయట చేసిన పని సరిగా లేక ఏం పాడైతే అంతవరకే వారంటీ కాదనవచ్చని ఆ ఉత్తర్వులోనే ఉంది. కంపెనీలు దాని మీద కోర్టుల చుట్టూ తిరిగాయి, అది వేరే కథ. కానీ ఇన్నేళ్ళ తర్వాత కూడా కౌంటర్ దగ్గర కుర్రాడు అదే పాట పాడుతున్నాడంటే ఎవరు నేర్పిస్తున్నారు? మా వీధి చివర మెకానిక్ భాయ్ మార్చిన ప్రతి పార్టు పాతది తెచ్చి చేతిలో పెడతాడు. "చూసుకో అమ్మా, ఇది అరిగింది" అంటాడు. ఆయనకి మా కొత్త కార్ల లోపాలు కనిపెట్టే స్కానర్ దొరకదు, దొరికినా కొనలేడు, మేమంతా షోరూములకి పోతున్నాం, ఆయన షెడ్డులో ఇప్పుడు పాత ఆటోలే.

ఇక నన్ను ఎక్కువ మండించింది చెప్తా. ఇన్ని పనులు నన్నడక్కుండా ఎట్టా చేశారు అని నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "సార్ అప్రూవల్ ఇచ్చారు కదా మేడమ్." ఏ సార్? మా ఆయన! కారు నా పేరు మీద ఉంది. ఆర్సీ నాది, ఈఎంఐ నా జీతంలోంచి పోతుంది, సర్వీస్ బుక్ చేసింది నేను, చెయ్యాల్సిన పనులు రాసుకునే జాబ్ కార్డు మీద సంతకం నాది, నంబరు నాది. వీళ్ళు కొన్ననాటి కాగితాలు తవ్వి, అందులో రెండో నంబరు పట్టుకుని, ఆఫీసులో మీటింగ్ లో ఉన్న మనిషికి ఫోన్ చేసి "సార్, కొన్ని చిన్న పనులున్నాయి చేసెయ్యమంటారా" అన్నారట. ఆయన "అవసరమైతే చెయ్యండి" అన్నారట. ఆ ఒక్క మాట మీద ఆరు వేలు ఎక్కాయి.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. కారు కొనేటప్పుడు కూడా ఇదే వరస. నేను ముందు సీట్లో కూర్చుని మైలేజీ ఎంత, ఎయిర్ బ్యాగులు ఎన్ని అని అడుగుతుంటే ఆ సేల్స్ అతను వెనక సీట్లో ఉన్న మా ఆయనకి జవాబు చెప్పాడు. నాకేమో రంగులు చూపించాడు. "మేడమ్ కి ఎర్రది బాగుంటుంది సార్." ఇన్సూరెన్స్ బయట తీసుకుంటాను, కొటేషన్ తెచ్చుకున్నాను అంటే వినిపించనట్టు "సార్, మా దగ్గరయితే క్యాష్ లెస్ సార్" అని ఆయన వైపే తిరిగాడు. ఇన్సూరెన్స్ ఎక్కడైనా తీసుకునే హక్కు కొనేవాళ్ళకి ఉంది. హ్యాండ్లింగ్ ఛార్జీలని ఒక లైను ఉంటే ఇది దేనికి అని అడిగాను. ఆ రోజు కూడా ఇదే జవాబు, "సార్ తో మాట్లాడాం మేడమ్." మా అక్కది ఒంగోలు, టీచరు, ఆమెకి కూడా బ్రేక్ ప్యాడ్ల గురించి అడిగితే "బావగారిని ఒకసారి పంపండి మేడమ్" అన్నారట. ఆమె ఇరవై ఏళ్ళ నుంచి బండి నడుపుతోంది, బావకి డ్రైవింగే రాదు! మాకు అర్థం కాదని వాళ్ళ నమ్మకం. మాకు అర్థమవుతుందని తెలిసిన రోజు మగవాళ్ళకి ఫోన్ చేస్తారు.

కంపెనీ కస్టమర్ కేర్ కి బిల్లు, పాత ఫిల్టర్ ఫొటో, మాన్యువల్ పట్టిక ఫొటో ఇంటికి రాగానే మెయిల్ కొట్టాను. ఇట్టాంటిది మీకు జరిగితే 1915 కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్ లైన్. జిల్లా వినియోగదారుల కమిషన్ కి వెళ్ళాలన్నా మనం కట్టిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు ఏమీ లేదు. కారు ఇచ్చేటప్పుడే జాబ్ కార్డు మీద మీ చేత్తో రాయండి, రాసిన పనులు తప్ప వేరేవి నన్నడక్కుండా చెయ్యొద్దు, మార్చిన పాత పార్టులు డిక్కీలో పెట్టండి అని. రాయడానికి చోటు లేదంటే మీ సంతకం పక్కనే రాయండి.

ఇది ఇంతవరకు రాశానో లేదో, ఇప్పుడే షోరూము మేనేజర్ ఫోన్. ఎవరికి? మా ఆయనకి! "సార్, మేడమ్ కొంచెం అప్సెట్ అయ్యారు, నెక్స్ట్ సర్వీసులో డిస్కౌంట్ ఇప్పిస్తాం" అని. ఆయన ఒక్క మాట మాట్లాడకుండా ఫోన్ తెచ్చి నాకిచ్చారు. డిస్కౌంట్ వద్దన్నాను. ఫిల్టర్ డబ్బు, ఎక్కువ వేసిన ఆయిల్ డబ్బు, నేను ఒప్పుకోని ప్రతి పని డబ్బు రేపు సాయంత్రానికి నా ఖాతాలో పడాలి, ఎందుకు వేశారో రాతపూర్వకంగా రావాలి, లేదంటే కమిషన్ లోనే మాట్లాడుకుందాం అన్నాను. కాగితాల్లోంచి మా ఆయన నంబరు తీసేసి నాది ఒక్కటే రాసుకోమన్నాను. రాసుకున్నానన్నాడు. చదివి వినిపించమన్నాను. మూడు అంకెలు తప్పు. మళ్ళీ చెప్పి, మళ్ళీ చదివించి, అప్పుడు పెట్టేశాను.