తలమీద వంటగిన్నెతో వచ్చిన అమ్మ

పాత కామిక్సు సేకరిస్తానని తెలియగానే అందరూ అడిగేది ఒకటే: "ఎంత పలుకుతాయి?" నాకు ప్రాణమైన సంచిక పెద్దగా ఏమీ పలకదు. అది 1941 నాటి 'ఆల్ అమెరికన్ కామిక్స్'. అట్ట ఊడిపోయింది. ఎంత మెల్లగా పుట తిప్పినా అంచులు గోధుమరంగు పొట్టులా ఒళ్లో రాలుతుంటాయి. కానీ అందులో మా హంకెల్ ఉంది.

ఆమె కిరాణా కొట్టు నడుపుకునే ఇల్లాలు. భారీ మనిషి, గట్టి నోరు. పిల్లలు గూండాల చేతికి చిక్కితే ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. ఎర్రటి పొడవాటి లోదుస్తులు తొడుక్కుని, వంటగిన్నెకు కళ్ల దగ్గర కన్నాలు పెట్టి తలమీద బోర్లించుకుని బయలుదేరింది. అలా 'రెడ్ టొర్నేడో' (ఎర్ర సుడిగాలి) అయింది. అతీత శక్తి ఒక్కటీ లేదు. ఆమెను సృష్టించిన కామిక్స్ చిత్రకారుడు షెల్డన్ మేయర్ 1940లో ఆమెకు ఆ వేషం కట్టించాడు. పేరుమోసిన సూపర్‌హీరోయిన్ వండర్ ఉమన్ వచ్చింది ఆ మరుసటి ఏడాది. పేరులోని 'మా' అంటే అమ్మ. తెలుగులో చదివితే మా ఇంటి మనిషి అన్నట్టు వినిపిస్తుంది, నాకు అదీ ఇష్టమే.

ఇప్పుడు పాత సంచికలకు పదికి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి అమ్ముతున్నారు. సీలు విప్పితే ఆ మార్కులు చెల్లవు కనుక ఎవరూ విప్పరు. నా సంచిక నాటి 'ఆల్ అమెరికన్' అట్టల మీద ఎక్కువగా గ్రీన్ లాంతర్ అనే సూపర్‌హీరోదే రాజ్యం, మా హంకెల్ కథ లోపలి పుటల్లో ఉంటుంది. వేలు పోసి కొన్నవాడు ఆమె ముఖమైనా చూడకుండా పెట్టెను గోడకు తగిలిస్తున్నాడు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది.

భద్రం చేయవద్దని కాదు. పది సెంట్లకు అమ్మిన పుస్తకం, చవక కాగితం. అందులోని ఆమ్లమే దాన్ని తినేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎన్నో ప్రతులు పాత కాగితాల కింద పోయాయి. చందమామలను తూకానికి అమ్మేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకు ఆ బాధ వేరే చెప్పాలా? మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరు, వెనక ఆమ్లం లేని అట్ట, ఎండ తగలని చల్లని చోటు చాలు. కొత్తగా మొదలుపెట్టేవారు చిరిగినదే కొనండి. భయం లేకుండా చదువుకోవచ్చు.

పోయిన శీతాకాలం మా ఎనిమిదేళ్ల అమ్మాయి పక్కన కూర్చుని, వేలు కాగితానికి తగలనివ్వకుండా ఆ గిన్నె బొమ్మను గాలిలోనే గీసింది. "మరి రేపు వంట ఎందులో చేస్తుంది నాన్నా?" అని అడిగింది. ఆమె కొట్లో ఇంకో గిన్నె ఉందేమోనని ఇద్దరం మళ్లీ మొదటి పుట నుంచి వెతికాం.